ముల్లు లేని గాలం

కెనడా అంటే మంచు, మంచు లేనిచోట పచ్చని అడవి అనుకుని వచ్చినదాన్ని. కామ్లూప్స్‌లో విమానం దిగి బయటికి వస్తే చుట్టూ ఎండిపోయిన గోధుమరంగు కొండలు కనబడ్డాయి. వాటి మీద అక్కడక్కడ బూడిదరంగు పొదలు, మధ్యలో లోతుగా కోసుకుని పోతున్న నది. మాది జమ్మలమడుగు. గండికోట దగ్గర పెన్నా కూడా ఇలాగే కొండల్ని చీల్చుకుని పోతుంది. మూడు విమానాలు మారి, ఇంట్లోవాళ్ళను వదిలి, మళ్ళీ అలాంటి చోటికే వచ్చానా అని ఆ రోజు ఎయిర్‌పోర్ట్ బయట సూట్‌కేసుల పక్కన నిలబడి చాలాసేపు అయోమయంగా చూశాను.

ఆ ఏడు మన పిల్లలు విమానాలకు విమానాలు దిగుతున్నారు. ఊళ్ళో గది దొరకడమే గగనమైపోయింది. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, ఎనిమిదిమంది సర్దుకునేవారు. కన్సల్టెన్సీ వాళ్ళు ఏ కోర్సు చెబితే ఆ కోర్సులో చేరి, ఏ ఊరు చెబితే ఆ ఊరికి వచ్చినవాళ్ళమే అందరం. నేను సప్లై చైన్ చదవడానికి వచ్చాను. సప్లై చైన్ అంటే ఏమిటో మొదటి సెమిస్టర్ సగం గడిచాకగాని నాకు అర్థం కాలేదు.

నాకు మాత్రం మంచి గది దొరికింది. ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళకు పైగా ఉంటున్న ఒక తెలుగు డాక్టరుగారి ఇంట్లో, మేడమీద గది. ఆవిడ మత్తు డాక్టరు. రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. తెనాలి వైపు వాళ్ళు. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ నన్ను అమ్మాయ్ అనేవారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొద్దున్నే రేడియో వింటూ ఉప్మా చేసుకునేవారు, నాకూ ఒక ప్లేటు మూతపెట్టి ఉంచేవారు. తిన్నావా అని అడిగేవారు కాదు. ప్లేటు ఖాళీ అయిందో లేదో చూసుకునేవారు, అంతే.

ఏడాది తిరిగేసరికి నాతో వచ్చినవాళ్ళలో సగంమంది ఒంటారియో వెళ్ళిపోయారు. నాతో బీటెక్ చదివిన అమ్మాయి ఆ ఒంటారియోలోనే నార్త్ యార్క్‌లో ఉండేది. రోజూ ఫోన్ చేసి ఒకటే పోరు. "అక్కడేముందే? కొండలు, ట్రక్కులు. జాబ్స్ అన్నీ ఇక్కడే. ఈ పక్కనే కిచెనర్‌లో కాలేజీకి అప్లై చెయ్, జనవరి ఇన్‌టేక్ ఉంది." నేను అప్లై చేశాను. సీటు వచ్చింది. వెళ్ళాలో వద్దో నాకే తెలియకముందే అడ్మిషన్ కన్ఫర్మ్ చేసేశాను. ఆంటీతో మాత్రం చెప్పలేదు. ప్రతి పొద్దునా చెబుదామనుకునేదాన్ని. ఉప్మా ప్లేటు చూసి ఊరుకునేదాన్ని.

అక్టోబరులో ఒక సాయంత్రం వంటింట్లో ఆవిడే అడిగారు.

"శనివారం నీకు షిఫ్ట్ ఉందా?"

"లేదాంటీ."

"అయితే నాతో చేపలకు రా. ఏటా నాతో వచ్చే మా ఆస్పత్రి నర్సమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. గైడ్‌ని ఇద్దరికని బుక్ చేసేశాను. నువ్వేం పట్టక్కర్లేదు. నీళ్ళలో నా వెనక నిలబడి బెల్టు పట్టుకుంటే చాలు."

ఈవిడకు విషయం తెలిసిపోయింది, ఏకాంతంగా నిలదీయడానికే తీసుకుపోతున్నారు అనుకున్నాను. లేకపోతే నన్నెందుకు రమ్మంటారు? నాకు ఈత రాదు. మా పెన్నాలో ఏడాదిలో పది నెలలు ఇసుకే ఉంటుంది. పారే నీళ్ళలో మోకాలి లోతున నిలబడి ఎరగను. అయినా సరేనన్నాను. వద్దనడానికి కారణం చెబితే అసలు సంగతి బయటపడుతుందేమోనని భయం.

ఆన్‌లైన్‌లో చేపలు పట్టే లైసెన్సు తీసుకోమన్నారు. ఫారం నింపి, కింద రూల్సన్నీ చదివాననే గడిలో టిక్ పెట్టాను. చదవలేదు. శనివారం పొద్దున ముందుగా లేచి చింతపండు నానబోశాను. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి తరిగి డబ్బాలో పెట్టాను. మైలవరం డ్యామ్ చేపలు తెచ్చిన రోజు మా అమ్మ అలాగే చేసేది. ఆంటీ వంటింట్లోకి వచ్చి ఆ గిన్నె చూశారు.

"ఇదెందుకు?"

"చేప తెస్తాం కదాంటీ. పులుసుకి."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను ఓ క్షణం చూసి గిన్నె మీద మూతపెట్టారు. నేను తప్పేం చేశానో తెలియలేదు.

గంటకు పైగా కారులో వెళ్ళాం. రోడ్డు నది వెంబడే మలుపులు తిరుగుతూ దిగింది. కొండలు ఇంకా నిటారుగా, ఇంకా ఎండిపోయి కనబడ్డాయి. రోడ్డు పక్కన ఒక ట్రక్కు దగ్గర గైడ్ నిలబడి ఉన్నాడు. యాభై దాటిన సన్నటి పొడుగాటి మనిషి. ఆంటీని "డాక్" అని పిలిచాడు. నా వైపు చూసి "కొత్త నర్సా?" అన్నాడు. ఆంటీ నవ్వారు. ఆవిడ నవ్వు వినడం నాకు అదే మొదటిసారి.

చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు, అడుగున మేకులున్న బూట్లు తొడిగించాడు. నదికి దిగే దారిలో నేల మీద నాగజెముడు పాకి ఉంది. కెనడాలో నాగజెముడేమిటని వంగి ముట్టుకుని చూడబోయాను, వేలికి ముల్లు గుచ్చుకుంది. గైడ్ జేబులోంచి చిన్న పట్కారు తీసి ముల్లు లాగి పడేశాడు. రోజూ చేసే పనే అన్నట్టు చేశాడు.

నీళ్ళలో దిగాక నాకు వేరే ఆలోచనేం మిగల్లేదు. అడుగున రాళ్ళు పుచ్చకాయలంత గుండ్రంగా, నూనె రాసినట్టు జారుతున్నాయి. నడుముదాకా నీళ్ళు తోస్తున్నాయి. ఆంటీ ఒక చేత్తో ఊతకర్ర పట్టుకుని తాపీగా నడిచారు. నేను ఆవిడ బెల్టు రెండు చేతులా పట్టుకున్నాను. ఎవరు ఎవరిని పట్టుకున్నట్టో చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోయేది.

నాకు తెలిసిన చేపల వేటలో ఎర ఉంటుంది, బెండు ఉంటుంది, ఒడ్డున కూర్చోవడం ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు. ఈకలూ రంగుదారాలూ చుట్టిన ఒక చిన్న గాలం, దాని పేరు ఫ్లై. దాన్ని నదికి అడ్డంగా దూరంగా విసరాలి. దారం ప్రవాహంలో వంపు తిరిగి మన కిందుగా ఒడ్డు వైపు వచ్చేదాకా కదలకుండా ఉండాలి. తరవాత ఒక్క అడుగు కిందికి వేయాలి. మళ్ళీ విసరాలి. మళ్ళీ ఆగాలి. ఇంకో అడుగు. రెండు గంటలు ఇదే. అవతలి గట్టు మీద గూడ్సు రైళ్ళు పోతూనే ఉన్నాయి. ఆంటీ ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆవిడ మళ్ళీ విసిరారు.

విసుగు తట్టుకోలేక పక్కన నిలబడ్డ గైడ్‌ని అడిగాను, ఇందులో ఏ చేప ఉంటుందని. స్టీల్‌హెడ్ అన్నాడు. ఈ నదిలోనే పుట్టి, సముద్రానికి వెళ్ళి, ఏళ్ళ తరవాత ఎండాకాలం చివర తిరిగి వస్తుందట. వసంతంలోగాని గుడ్లు పెట్టదట. అప్పటిదాకా దాదాపు ఏమీ తినకుండా ఈ రాళ్ళ మధ్యే ఆగి ఉంటుందట.

"తినకపోతే మరి గాలాన్ని ఎందుకు పట్టుకుంటుంది?"

"నేనూ ముప్పై ఏళ్ళుగా అదే అడుగుతున్నాను" అన్నాడు. వేళాకోళం చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. చెయ్యడం లేదు.

అప్పుడే ఆంటీ చేతిలోని రాడ్ ఒక్కసారిగా వంగింది. దారం చుట్టిన రీలు కిర్రుమని తిరిగింది. నా చేతుల్లోని బెల్టు కూడా అదిరింది. అంతే, మరుక్షణం దారం వదులైపోయింది.

"అయ్యో, పోయిందా ఆంటీ!"

"వచ్చింది, పోయింది" అన్నారు ఆవిడ. ముఖం వెలిగిపోతోంది. గైడ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇద్దరూ ఏదో గెలిచినవాళ్ళలా ఒకరినొకరు చూసుకున్నారు. చేప పోతే సంతోషమేమిటో నాకు అర్థం కాలేదు.

భోజనానికి ఒడ్డుకు వచ్చాం. ఆంటీ రాడ్‌ని నాకిచ్చి ఆ రబ్బరు ప్యాంటు విప్పుకుంటున్నారు. నేను ఊరికే ఆ ఫ్లైని అరచేతిలో పెట్టుకుని చూశాను. ఈకలున్నాయి, నల్లదారం ఉంది, కొక్కెం కాడ ఉంది. కాడ చివర వంపు తిరిగి కొన దేలాల్సిన ముల్లు మాత్రం లేదు. నున్నగా కత్తిరించినట్టుంది. నా తల దిమ్మెక్కింది. రోజంతటికీ డబ్బు తీసుకుని ఈ మనిషి పెద్దావిడను ఇంత మోసం చేస్తున్నాడా! ఇన్నేళ్ళుగా ఇలాగే చేస్తున్నాడా! అతనికి తెలుగు రాదని ధైర్యం తెచ్చుకుని, ఆంటీ పక్కన కూర్చుని మామూలుగా కబుర్లు చెప్పినట్టు ముఖం పెట్టి అన్నాను.

"ఆంటీ, అతని వైపు చూడొద్దు. మీ గాలానికి ముల్లే లేదు. ఖాళీది కట్టి ఇచ్చినాడు మీకు."

ఆంటీ శాండ్‌విచ్ కాగితం మడుస్తూ, "నేనే కట్ చేశాను. ఇంట్లో ప్లయర్‌తో" అన్నారు.

"మీరా? ఎందుకాంటీ?"

"తిను ముందు. చట్నీ శాండ్‌విచ్, నీకని కారం వేశాను."

తిన్నాక ఒక బండకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. నేను నోట్లో ముద్ద నములుతూ మేం పొద్దున దిగిన మడుగు వైపు చూస్తూ కూర్చున్నాను. ముల్లు తీసేసిన గాలంతో, పట్టనక్కర్లేని చేప కోసం, డెబ్బై దాటిన మనిషి నడుంలోతు చన్నీళ్ళలో రెండు గంటలు నిలబడడం ఏమిటి? అందులో నన్నెందుకు నిలబెట్టినట్టు?

గైడ్ తన రాడ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఊరికే కూర్చోవడమెందుకు, మోకాలి లోతులోనే ఉండి ప్రయత్నించమన్నాడు. పది పదిహేనుసార్లు విసిరాను. దారం నా టోపీకి చుట్టుకుంది, అతని చొక్కాకు తగులుకుంది. చివరికి ఒకటి ఎలాగో కాస్త దూరం పోయింది. బాగానే ఉంది, అలాగే ఉంచమన్నాడు. ఉంచాను.

ఎవరో నదిలోంచి చెయ్యి చాచి రాడ్ లాక్కున్నట్టయింది.

నేను కెవ్వున అరిచాను. రీలు గిర్రున తిరుగుతుంటే ఆపబోయాను, పిడి వచ్చి వేలి కణుపుల మీద టపటపా కొట్టింది. గైడ్ ఇంగ్లీషులో చెయ్యి తీసెయ్యమని అరుస్తున్నాడు. ఒడ్డున లేచి నిలబడ్డ ఆంటీ తెలుగులో అరుస్తున్నారు.

"వదులు! దారం వదులు! పోనీ దాన్ని! ఇప్పుడు చుట్టు! చుట్టవే అమ్మాయ్!"

మడుగు మధ్యలో చేప నీళ్ళ పైకి లేచి అడ్డంగా పడింది. వెండిపళ్ళెం విసిరేసినట్టనిపించింది. అది లాగితే వదిలాను, ఆగితే చుట్టాను. ఎంతసేపయిందో తెలియదు. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. చివరికి గైడ్ దాన్ని లోతులేని చోటికి మళ్ళించి, చేతులు తడుపుకుని, తోక దగ్గర పట్టుకున్నాడు. నా చేయంత పొడుగుంది. ఒంటి మీద వెండిరంగు, పక్కలకు లేత గులాబీ చార. ముల్లు తీయడానికి అతనికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"నీ చేప. కానీ వదిలెయ్యాలి, ఈ నదిలో రూలు. తోక పట్టుకో, తల ఎదురునీటికి ఉంచు. బలం రాగానే దానంతటదే వెళ్ళిపోతుంది."

వదిలిపెట్టడానికా ఇంత పోరాటం అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాను. చేప వెళ్ళలేదు. మెల్లగా ఒక పక్కకు ఒరిగిపోయింది, తెల్లటి పొట్ట పైకి తేలింది. గైడ్ ముఖం మారింది. అతను వంగి అందుకోబోతుంటే వెనకనుంచి ఆంటీ గొంతు వినబడింది.

"ఆమెనే పట్టుకోనీ."

తిరిగి చూస్తే ఆవిడ ఆ రబ్బరు ప్యాంటు లేకుండానే, ఒంటిమీదున్న బట్టలతోనే నీళ్ళలోకి వచ్చేస్తున్నారు. నా ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నారు. నడుందాకా తడిసిపోయారు. చేప పొట్ట కింద ఒక చెయ్యి పెట్టి దాన్ని నిటారుగా నిలిపారు.

"ముందుకీ వెనక్కీ ఆడించకు. ఊరికే పట్టుకో. నీళ్ళు దాని నోట్లోకి వాటంతటవే పోతాయి."

"చచ్చిపోతుందా ఆంటీ?"

"మాట్లాడకు. మొప్పలు చూడు."

ఆవిడ మొప్పల వైపే చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. మొదట దేవుణ్ణి తలుచుకుంటున్నారేమో అనుకున్నాను. కాదు, లెక్కపెడుతున్నారు. మొప్ప తెరుచుకుంటే ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. ముప్పై ఏళ్ళు ఆపరేషన్ టేబుళ్ళ పక్కన కూర్చుని మనుషుల ఊపిరి చూసిన కళ్ళు అవి. నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. గైడ్ ఆవిడ భుజాల మీద తన కోటు కప్పాడు, ఆవిడ గమనించినట్టే లేదు. క్రమంగా మొప్పలు దగ్గరదగ్గరగా తెరుచుకోసాగాయి. తోకలో ఒక బిగువు వచ్చింది. నా గుప్పిట్లో ఏదో తిరిగినట్టయింది. తరవాత చేతుల్లో నీళ్ళే మిగిలాయి.

ఎవరం వెంటనే లేవలేదు. లేచాక ఆంటీ పళ్ళు టకటకలాడుతున్నాయి.

ట్రక్కులో హీటర్ పెట్టి, దుప్పటి కప్పి ఆవిడను కూర్చోబెట్టాడు గైడ్. నేను పక్కన కూర్చున్నాను. అతను సామాను సర్దడానికి నది దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి ఆవిడే చెప్పారు. అంతకు మూడేళ్ళ ముందు అదే మడుగులో ఆవిడకు ఇలాంటిదే ఒక చేప పడింది. ముల్లు మొప్పలో దిగింది, రక్తం ఆగలేదు. అరగంట పట్టుకున్నా చేతుల్లోనే పోయింది. ఇంటికొచ్చి పెట్టెలోని ఫ్లైలన్నిటికీ ముళ్ళు కత్తిరించేశారు.

"మరి రావడమే మానేయొచ్చు కదాంటీ?"

"అది వచ్చి తాకుతుంది చూడు, ఆ ఒక్క క్షణం. అది మానలేను." ఆవిడ నా వైపు చూడలేదు. "ఇదంతా బాగుందని చెప్పడంలేదు నీకు."

చెప్పకుండా దాచిందంతా ఒక్కసారి కక్కేశాను. కిచెనర్‌లో సీటు వచ్చిందని, డిసెంబరులో ఖాళీ చేస్తానని, నెల రోజులుగా చెప్పలేకపోయానని. ఏడుపు కూడా వచ్చింది.

ఆవిడ దుప్పటి సరిచేసుకున్నారు. "సరే" అన్నారు. "అక్కడ చలికి ఈ జాకెట్ చాలదు" అన్నారు. ఇంటికి వచ్చాక ఆ చింతపండుతో చారు పెట్టారు. ఇద్దరం తిన్నాం.

కోపమొచ్చిందా, బాధపడ్డారా, పట్టించుకోలేదా? డిసెంబరు దాకా నేను అదే ఆలోచించాను. ఉప్మా ప్లేటు ఎప్పటిలాగే ఉండేది. వెళ్ళే రోజు బస్సు స్టాప్ దాకా తీసుకొచ్చి, సూట్‌కేసు దించి, బస్సు కదలకముందే కారు తిప్పుకుని వెళ్ళిపోయారు. కిచెనర్‌లో చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది. పండగలకు ఫోన్ చేసేదాన్ని. రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసేవారు. ఆ శనివారం ఆవిడ నాకేదో చెప్పాలనుకున్నారని, నేను తొందరపడి నా గోల చెప్పి చెడగొట్టానని నాలో ఒక శంక అలాగే ఉండిపోయింది.

కొన్నేళ్ళ తరవాత ఒంటారియోలోనే ఏజాక్స్ అనే ఊళ్ళో తన బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి ఆవిడ వచ్చారని తెలిసి వెళ్ళాను. కాస్త ఒంగారు, మాట మాత్రం అదే. అక్కడున్న వాళ్ళందరికీ నన్ను పరిచయం చేశారు.

"ఈ అమ్మాయి మొదటిరోజే స్టీల్‌హెడ్ పట్టింది. అలా ఎంతమందికి పడుతుంది!"

"అవునా! వండుకున్నారా? టేస్ట్ ఎలా ఉంటుంది?" అని చుట్టాల్లో ఒకామె అడిగింది. మేమిద్దరం తడబడ్డాం. వదిలేశామంటే ఆమెకు అర్థం కాలేదు. ఎలా అర్థం చేయించాలో నాకూ తెలియలేదు.

జనం తగ్గాక పక్కకు తీసుకెళ్ళి అడిగేశాను. "ఆ రోజు నన్నెందుకు తీసుకెళ్ళారాంటీ? నేను వెళ్ళిపోతున్నానని మీకు ముందే తెలుసు కదా?"

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "నాకేం తెలుసు? నర్సమ్మకు మోకాలి ఆపరేషన్ అని చెప్పాను కదా. బెల్టు పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి."

"అంతేనా?"

"అంతే. ఇంకేముంటుంది?"

ఇన్నేళ్ళూ నేను తవ్వుకున్నదంతా ఏమైనట్టో తెలియలేదు. నవ్వొచ్చింది, కాస్త కోపం కూడా వచ్చింది. మాట మార్చడానికి, ఇప్పుడూ వెళ్తున్నారా అని అడిగాను.

"నది మూసేశారు అమ్మాయ్. చేపలు రావడం తగ్గిపోయింది. స్టీల్‌హెడ్ పట్టడానికి వీల్లేదు."

"మరి అక్టోబరులో ఏం చేస్తారు?"

"వెళ్తాం. గైడూ, నేనూ. ఫ్లాస్కులో టీ తీసుకెళ్ళి ఆ మడుగు దగ్గర కూర్చుంటాం. ఒక్కోసారి ఏదో కదిలినట్టు ఉంటుంది. తరవాత వచ్చేస్తాం."

"కూర్చుని ఏం చేస్తారాంటీ?"

ఆవిడ నా ముఖంలోకి చూశారు. చెప్పడానికి నోరు తెరిచారు. ఇంతలో లోపలినుంచి ఎవరో భోజనానికి పిలిచారు. గారెలు చల్లారిపోతాయంటూ లేచి వెళ్ళిపోయారు.